తేమ గదిలో నేనూ, మామయ్య గ్రైండరూ

మొన్న బెంగళూరు మారతహళ్ళిలో మిక్సీ కొనబోయి, అలవాటు కొద్దీ దాన్ని బోర్లించి అడుగున భద్రతా పరీక్ష ముద్ర వెతుకుతుంటే మా ఆవిడ తల పట్టుకుంది. అలాంటి ముద్రలు వేసే కొలువులో ఒకప్పుడు నేనూ ఉన్నాననీ, ఒక గ్రైండరు కోసం రెండు రోజులు ఆవిరి గదిలో చిక్కుకుని ఇడ్లీలా ఉడికి బయటికొచ్చాననీ పెళ్ళిళ్ళలో నేను చెప్పే కథ మీలో కొందరు వినే ఉంటారు. రెండు రోజులు కాదు, ఇరవై నిమిషాలు.

తొంభైల చివర ఊరి శివారు జిగణిలో ఒక విదేశీ కంపెనీ పరీక్షశాలలో పనిచేసేవాణ్ణి. ఇస్త్రీపెట్టెలూ, ఫ్యాన్లూ, గ్రైండర్లూ మా దగ్గరికి పేరు లేకుండా నంబరుతో వచ్చేవి. ఫలానా వాళ్ళదని తెలిస్తే మా పై అధికారి మేడంకి చెప్పి పక్కకు తప్పుకోవాలి. ఆ వారం వచ్చిన గ్రైండరుకి పేరైతే లేదు గాని, చిలకపచ్చ రంగుంది. ఆ రంగు ఎంచింది నేనే. అది మా మేనమామ షెడ్డులో తయారైనది. చదువుకునే రోజుల్లో నాకు అన్నం పెట్టిన ఇల్లు ఆయనది. సర్టిఫికేటు వస్తే పెద్ద దుకాణాల ఆర్డరు వస్తుంది, రాకపోతే షెడ్డులో ఆరుగురికి పని ఉండదు. నేను నోరు మెదపలేదు.

పరీక్ష ఏమిటంటే, వస్తువును రెండు రోజులు తేమ గదిలో ఉంచి, తుడవకుండా, ఉన్నదున్నట్టు కరెంటు పెట్టి, అది పై రేకుకు పాకి షాక్ కొడుతుందేమో చూడటం. అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ నేను మెల్లగా లోపలికి దూరి, అడుగు రేకు విప్పి, వైర్లు కలిసే చోట గుడ్డతో తుడిచాను. వద్దామని తలుపు లాగితే లోపలి పిడి ఊడి చేతికొచ్చింది. కళ్ళజోడు మసకబారిపోయింది, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఎవరూ రాకపోతే ఊపిరాడదు, వస్తే పరువు దక్కదు. గుడ్డ దాచుకుందామంటే నాలుగు గోడలూ, ఒక గ్రైండరూ తప్ప ఏమీ లేవు. చివరికి తలుపు బాదాను.

తెరిచింది మేడమే. పాత బెంగళూరు మనిషి. నన్నూ, గుడ్డనూ, రేకునూ చూసి, "ఏమప్పా, గ్రైండరుకి చెమట తుడస్తా ఉండావా?" అన్నారు.

నేను గుడ్డను వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"ఎవురిది?"

"మా మామది, మేడం."

ఆవిడ గుడ్డ తీసుకుని, గ్రైండరును మళ్ళీ రెండు రోజులు తేమలో పెట్టించి, వేరే అతనితో పరీక్ష చేయించారు. ఫెయిలు.

రిపోర్టు తీసుకోవడానికి మామయ్య వచ్చాడు. నిలబడే చదివాడు. తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం, "మీ అత్త దినామూ తడిచేత్తోనే కదరా పిండి తీసేది" అని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

ఆర్డరు ఇంకొకరికి పోయింది. మామయ్య తేమ చొరకుండా లోపల రబ్బరు వేసి, ఆర్నెల్లకు పాసయ్యాడు గాని, అప్పటికి షెడ్డులో ఇద్దరే మిగిలారు.

ఇప్పుడు అలాంటి గదుల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయట, లోపల కెమెరాలట, అంకెలు నేరుగా కంప్యూటరుకే పోతాయట. మంచిదే. కానీ తలుపు తీసి ఎవరిదని అడిగే మనిషి ఉంటుందా అని అనుమానం. నా కథలో ఇరవై నిమిషాలు ఏడాదికేడాది పెరుగుతూ రెండు రోజులయ్యాయి. చేతిలో గుడ్డ సంగతి మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మామయ్యకు కూడా చెప్పలేదు. ఇక చెబుదామన్నా ఆయన లేడు.