ఇంకో గంట ఆగమన్న చీటీ

నా చిన్నప్పుడు మేము ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న సైన్యం వర్క్‌షాపులో మెకానిక్కుగా చేసి, రిటైరయ్యాక అక్కడి ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో చేరారు. కరెంటు తీగల తొడుగుకు వాడే ప్లాస్టిక్ గుళికలు తయారుచేసేవారు అందులో. ఆయన నడిపే మిషన్ పేరు ఎక్స్‌ట్రూడర్.

ఒక ఆదివారం దాన్ని విప్పి శుభ్రం చేస్తున్నప్పుడు నన్ను తీసుకెళ్ళి చూపించారు. మనిషికంటే పొడవైన రెండు స్క్రూలు బల్ల మీద ఉన్నాయి. ఒకదాని గాడుల్లోకి ఇంకొకటి దూరి, రెండూ ఒకే వైపు తిరుగుతాయట. ప్లాస్టిక్ వాటి మధ్య పడి నలిగి, హీటర్ల వేడికంటే ఆ రాపిడికే ఎక్కువగా కరిగి ముద్దవుతుంది. జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు చివరి చిల్లుల్లోంచి తీగలుగా బయటికొస్తుంది. వాటినే గుళికలుగా కోస్తారు.

"తిరుగుతున్నంతసేపూ ఫరవాలేదమ్మా. ఆగిపోయాక మళ్ళీ మొదలెట్టేటప్పుడే భయం" అన్నారు నాన్న.

కరెంటు పోతే లోపలి ముద్ద గడ్డకడుతుంది. మళ్ళీ వేడిచేస్తే ముందు పైనున్న ఇనుము కాగుతుంది. మీటర్ ముల్లు చూపించేది ఆ వేడినే. లోపల స్క్రూల చుట్టూ ఉన్నది మెత్తబడటానికి ఇంకో గంట కావాలి. ఆ గంట ఆగకుండా తిప్పితే చిల్లుల దగ్గర గడ్డ అడ్డుపడుతుంది, వెనక కరిగినదంతా దాన్ని నెడుతూనే ఉంటుంది. అది ఎప్పుడు ఊడుతుందో ఎవరూ చెప్పలేరు.

మా పక్కింటి భయ్యా నాన్న దగ్గరే ఆ పని నేర్చుకుంటున్నాడు. బీహార్ అతనిది. పెళ్ళయి ఏడాది కాలేదు. నాకు సైకిల్ నేర్పింది అతనే.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా ఎండాకాలంలో నాన్నకు టైఫాయిడ్ వచ్చింది. మిషన్ భయ్యా ఒక్కడి చేతిలో పడింది. ఒక రోజు పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నం దాటాక వచ్చింది. ఇంట్లో ఫ్యాను తిరగగానే నాన్న మంచం మీద లేచి కూర్చుని హిందీలో చీటీ రాశారు. మీటర్‌ను నమ్మవద్దు, ముల్లు నిలిచాక కూడా ఇంకో గంట ఆగు, అని.

"సరాసరి భయ్యా చేతికే ఇవ్వు. ఇంకెవరికీ ఇవ్వకు" అన్నారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మేనేజరు ఉన్నాడు. సగం రోజు పనిపోయిన చిరాకులో ఉన్నాడు. చీటీ తీసుకుని చదివి, "ఠీక్ హై బేటీ, నేనిస్తాలే, నువ్వు ఇంటికెళ్ళు" అన్నాడు హిందీలో. నేను వచ్చేశాను. భయ్యా చేతికే ఇచ్చావా అని నాన్న అడిగితే, తిడతారన్న భయంతో ఇచ్చానన్నాను.

చీకటి పడకముందే కబురు వచ్చింది. గడ్డ ఊడి, కరిగిన ప్లాస్టిక్ భయ్యా ముఖం మీదికి చిమ్మింది. అది నీళ్ళలా జారిపోయేది కాదు. తగిలినచోటే అంటుకుని గట్టిపడుతుంది. రెండు కళ్ళూ పోయాయి.

విచారణకు వచ్చిన ఆఫీసరుతో నాన్న తనకు తెలిసిందే చెప్పారు. చీటీ పంపాను, నా కూతురు భయ్యా చేతికిచ్చింది అని. మేనేజరు అవునన్నాడు. హెచ్చరించినా వినలేదు కాబట్టి తప్పంతా భయ్యాదే అని రాసుకున్నారు. ఆ పూట అన్నం దగ్గర నాన్న, "అంత రాసి పంపినా వినలేదే" అని బాధపడ్డారు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. అయినా చెప్పలేదు. మూడు రోజులు అలాగే ఉన్నాను.

నాలుగో రోజు భయ్యా భార్య వచ్చింది. గడప దగ్గరే నిలబడి, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఏ చీటీ రాలేదంటున్నారు ఆయన. మీరు ఎందుకలా చెప్పారు, భాయీసాహబ్?"

నాన్న ముఖం పాలిపోయింది. జీవితంలో ఆయన్ని అబద్ధాలకోరు అన్నవాళ్ళు లేరు. తలుపు వెనక నుంచి వచ్చి జరిగింది చెప్పేశాను. ఆయన నన్ను కొట్టలేదు. చెప్పులేసుకుని, నన్ను బస్సెక్కించి ఢిల్లీలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

భయ్యా ముఖమంతా కట్లు. నేను చెబుతున్నంతసేపూ కదలకుండా విన్నాడు. ముందు, "నాన్నగారికి జ్వరం తగ్గిందా?" అని అడిగాడు. తర్వాత, "చీటీ అందినా మిషన్ మొదలెట్టేవాణ్ణేమో బేటీ. మేనేజరు నా వెనకే నిలబడి ఉన్నాడు" అన్నాడు.

నాన్న మర్నాడే విచారణ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి తన మాట మార్చి రాయించారు. పిల్లకు నేర్పించి చెప్పించాడన్నాడు మేనేజరు. ఆ నెలలోనే నాన్న ఉద్యోగం పోయింది. మేము ఢిల్లీలోని మునిర్కాలో ఒక గదికి మారిపోయాం. తప్పు భయ్యాది కాదని తేల్చడానికి ఏళ్ళు పట్టింది. అప్పటికే అతని భార్య అతన్ని చెయ్యిపట్టుకుని ఊరికి తీసుకెళ్ళిపోయింది. మళ్ళీ మేము వాళ్ళని చూడలేదు.

ఆసుపత్రిలో భయ్యా ఆ మాట నిజంగానే అన్నాడో, ఆ తప్పు నేను మోయలేనని అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను పెద్దయి ఒక లాబొరేటరీలో పదిమంది మీద అధికారినయ్యాను. పరీక్ష ఇంకా పూర్తికాలేదని ఎవరైనా అంటే, ఎంత తొందరున్నా సరే, ఆ గదిలోంచి లేచి వరండాలోకి వెళ్ళిపోయేదాన్ని. మేడమ్‌కు కోపం వచ్చిందనుకునేవారట వాళ్ళు. వాళ్ళనలాగే అనుకోనిచ్చాను.