జీపు తలుపుల్లో పరదా గుడ్డ

ఆ గుడ్డ పెట్టింది నేను. మాస్టర్ వద్దన్నాడు, అయినా పెట్టాను. ఈ రెండు మాటలు ఆ సోమవారం గని కంపెనీ యార్డులో మా బావ నా ముఖంలోకి చూస్తూ నిలబడినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు చెప్పలేదు. లాల్‌పేట్‌లో ఇప్పటికీ కొందరు మాస్టర్ మాట వస్తే "పాపం, కళ్లు పోయినంక పని ఖరాబ్ చేసిండు" అంటారు. ఖరాబు చేసింది ఆయన కాదు.

మాస్టర్‌కు లాల్‌పేట్‌లో రేకుల షెడ్డు కింద కుషన్ దుకాణం ఉండేది. జీపులకూ ఆటోలకూ సీట్లు, టాపులు కుట్టేవాడు. మరాఠీ సీమలోని ఈ బొగ్గు గనుల పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు క్రైస్తవుల కుటుంబం ఆయనది. నేను రాజురా అవతలి పల్లె నుంచి వచ్చి, అక్కాబావల ఇంట్లో ఉంటూ ఆయన దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. కోయడం, అతికించడం, బిగించడం నా పని. కుట్టు మిషన్ ఆయనది. నన్ను కూర్చోబెట్టి నేర్పాలని చాలాసార్లు చూశాడు. నా కుట్టు ఎప్పుడూ వంకరే. "నీ కుట్టు సూస్తే వర్ధా నది యాదికొస్తది బిడ్డా, ఏడ మలుగుతదో దానికే తెల్వదు" అనేవాడు.

గనులను మార్చి అమర్చుతున్న ఏళ్లు అవి. భూగర్భ గనులు ఒకటొకటిగా మూస్తున్నారు. పర్మినెంటు వాళ్లను దూరంగా, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులకు పంపుతున్నారు. మా బావ పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద గనిలోకి దిగేవాడు. గేటు దగ్గర మరాఠీలో అంటించిన నోటీసు చదివి ఇంటికొచ్చాడు. పునర్రచన అని రాశారట.

"అంటే ఏంది?" అని అడిగింది అక్క.

"ఉన్నోళ్లను అటిటు జరుపుతరట. మమ్మల్ని జరిపేటందుకు జాగ లేదట" అన్నాడు బావ. అన్నం కలుపుతూ నవ్వాడు కూడా. తర్వాత ఆ అన్నం తినలేదు.

ఊళ్లో తన వంతు చేను అమ్మి పాత జీపు కొన్నాడు. ఓపెన్‌కాస్టులకు ఆఫీసర్లను తీసుకెళ్లడానికి కంపెనీ బండ్లను కిరాయికి పెట్టుకుంటోంది. బండిని చూసి నచ్చితే మూడేళ్ల పని. నచ్చకపోతే ఏమీ లేదు, ఆ చేను కూడా లేదు. బావ బ్రేకులు, లైట్లు అన్నీ సరిచేయించాడు. సోమవారం తనిఖీ అనగా శుక్రవారం సాయంత్రం తెలిసింది, తలుపుల లోపలి భాగం ఉత్త రేకుతో ఉండకూడదట. ఎవరికో చెయ్యి కోసుకుపోయిందని కొత్తగా పెట్టిన షరతు. మా జీపు తలుపులకు లోపల ఉన్న హార్డ్‌బోర్డులు ఎన్ని వానలు తాగాయో, నానిన రొట్టెల్లా ఉబ్బి ఊడిపోతున్నాయి.

అప్పటికి మాస్టర్ కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగి రెండు వారాలు. నెల దాకా మిషన్ ముందు వంగొద్దని డాక్టరు చెప్పాడు.

"గట్లంటే ఎట్ల మాస్టర్? కుట్టు గీతలు లేకుంటే అది గోనెసంచి తీర్గుంటది" అన్నాడు బావ.

"కుట్టకుండనే గీతలు సూపిస్త. నువ్వు పోయి జీపు కడుగు" అన్నాడు మాస్టర్.

శనివారం ఆయన నల్లద్దాలు పెట్టుకుని స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నేను చేశాను. పాత బోర్డును కొత్త హార్డ్‌బోర్డు మీద పెట్టి గీశాను. పాతది ఉబ్బి పెరిగింది కాబట్టి పెన్సిలు మందం లోపలికి గియ్యమన్నాడు. అద్దం దించే హ్యాండిల్‌కూ, తలుపు తీసే పిడికీ, క్లిప్పులకూ రంధ్రాలు చేశాను. ఫోమును నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, పట్టీకీ పట్టీకీ నడుమ చిటికెన వేలు దూరేంత సందు వదిలి బోర్డుకు అతికించాను. దాని మీద రెక్సిన్ పరిచి, నడిమి సందుతో మొదలుపెట్టి, ఒక్కో సందులోకి చెక్కతో నొక్కుకుంటూ అంచులకు రావాలి. అంచులు వెనక్కి లాగి మడిచి, సొల్యూషన్ జిగురుతో అంటించి, పైన పిన్నులు కొట్టాలి. దారం పోగు లేకుండానే కుట్టినట్టు గీతలు పడతాయి. సాయంత్రానికల్లా నాలుగు బోర్డులకూ ఫోము అంటించాను. రెక్సిన్ వెయ్యడం ఆదివారానికి మిగిలింది.

"సొల్యూషన్ రెండు దిక్కుల పుయ్యాలె. పూసినంక ఆగాలె. వేలు ఎనక్కి తిప్పి ఆనిస్తె అంటుకోవద్దు, అప్పుడు కలుపు. ఆగనోడు ఈ పనికి పనికిరాడు" అన్నాడు మాస్టర్.

ఇంకొకటి కూడా చెప్పాడు. అద్దం సందులోంచి వాన నీళ్లు తలుపులోకి దిగుతాయి. అవి బోర్డుకు తగలకుండా తలుపుకు ప్లాస్టిక్ షీటు అంటించాలి. ఆ షీటు తెమ్మని సాయంత్రం నన్ను బజారుకు పంపాడు. దారిలో చాయ్ దగ్గర తెలిసినవాళ్లు కలిశారు. గని నుంచి ఎవరిని ఎక్కడికి పంపుతున్నారన్నదే అందరి మాట. వింటూ నిలబడిపోయాను. వెళ్లేసరికి దుకాణం షట్టర్ దించేశారు. ఆదివారం తీయరు.

తిరిగొచ్చి, "దుకాణం బందయింది మాస్టర్. పరదా గుడ్డ ఉన్నది కదా, గదే చుడితే?" అన్నాను.

భూగర్భ గనిలో గాలిని ఒక దారికి మళ్లించడానికి అడ్డంగా కట్టే మందపాటి గుడ్డ అది. నీళ్లు దిగకుండా తారు లాంటి పూత ఉంటుంది. గనులు మూస్తుంటే ఆ గుడ్డ ముక్కలు ఇంటింటికీ చేరాయి. మా వాడలో కప్పు కారినా, కట్టెలు తడిసినా, బర్రెల కొట్టం కురిసినా అందరికీ ముందు గుర్తొచ్చేది అదే.

"వద్దు" అన్నాడు మాస్టర్. "దాన్ల నూనె ఉంటది. ఎండకు ఊరుతది. సొల్యూషన్ నిలవదు. ఏది లేకుంటె ఉత్తగనే బిగించు. వానలు పడేలోపల సూసుకుందం."

ఇంత స్పష్టంగా చెప్పాడు. అప్పుడు మా ఇద్దరం తప్ప షెడ్డులో ఎవరూ లేరు.

ఆదివారం మాస్టర్ కత్తెర ముట్టడు. ఎంత పెద్ద గిరాకీ వచ్చినా "ఈ రోజు నాది కాదు" అని చర్చికి వెళ్లిపోతాడు. తాళంచెవి నాకిచ్చాడు. వేసవి ఎండకు రేకుల కింద సొల్యూషన్ వాసన తల తిరిగేలా ఉంది. బావ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పాత బోర్డుతో నాకు గాలి విసురుతున్నాడు.

"బామ్మర్దీ, ఆఫీసరు కూసుంటె ఇగ లెవ్వద్దు. గట్ల చెయ్యి" అన్నాడు.

"లెవ్వకుంటె ఇంటికి నువ్వే మోసుకపోవాలె బావా."

"మోస్తరా. మూడేండ్లు మోస్త." కాసేపు విసరడం ఆపేశాడు. "ఇది గిట్ల తప్పితె మీ అక్క ముఖం ఎట్ల సూడాల్నో సమజైతలేదు."

ఆ మాట నన్ను పట్టేసింది. ఈ పని నా చేతుల మీదుగా గట్టిగా నిలబడాలనుకున్నాను. చాయ్ దగ్గర నిలబడి షీటు తేలేకపోయిన సంగతి కూడా లోపల గుచ్చుతోంది. మాస్టర్ లేకుండా, ఆయనకు తట్టని ఉపాయంతో చేసి చూపించాలన్న ఆశ కూడా కొంత ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. "ఇంట్ల పరదా గుడ్డ ఉన్నది కదా, తే" అన్నాను. బావ ఆనందంగా పరుగెత్తి తెచ్చాడు. బొగ్గు పోయేదాకా కడిగి మరీ తెచ్చాడు.

నాలుగు బోర్డుల వెనకా ఆ గుడ్డ చుట్టాను. రెక్సిన్ అంచులు మడిచి దానిమీదే అంటించి పిన్నులు కొట్టాను. సాయంత్రానికి నాలుగూ తలుపులకు బిగిశాయి. మెరూన్ రెక్సిన్ మీద గీతలు దారం పట్టుకుని కుట్టినట్టే ఉన్నాయి. బావ తలుపు తీసి, మూసి, మళ్లీ తీసి చూశాడు. అక్క వచ్చి అరచేతితో ఒకసారి నిమిరింది. అసలు ఏమీ పెట్టకుండా బిగించి ఉంటే వానాకాలం దాకా వాటికి ఏమీ అయ్యేది కాదు.

సోమవారం ఎనిమిదింటికే యార్డులో బండ్లన్నీ వరుసగా ఎండలో నిలబెట్టారు. మా జీపు దగ్గరికి ఆఫీసరు వచ్చేసరికి పదకొండు దాటింది. నేను పక్కనే ఉన్నాను. అంతకు కొద్దిసేపటి ముందే ముందు తలుపు కింది అంచున రెక్సిన్ ముడత పడటం చూశాను. అరచేత్తో నొక్కి పట్టుకున్నాను. చెయ్యి తీస్తే మళ్లీ లేచింది. నా చేతికి నల్లటి జిడ్డు అంటింది. బావకు చెప్పలేదు. ఇంకొక్క పది నిమిషాలు ఆగితే చాలని దేవుళ్లందరినీ తలుచుకుంటూ తలుపును తుంటితో నొక్కిపెట్టి నిలబడ్డాను.

"జరుగు" అన్నారు. జరిగాను. ఆఫీసరు తలుపు లాగాడు. లాగి పట్టిన రెక్సిన్ అంచు ఊడి, పిన్నులతో సహా పైకి చుట్టుకుపోయింది. గీతలన్నీ పోయి ఫోము పట్టీలు బయటపడ్డాయి. ఆయన తెల్ల చొక్కా చేతికి నల్లటి మరక.

"హే కాయ్ ఆహే?" ఇదేంటని మరాఠీలో అడిగాడు. బావ కండువాతో ఆ చెయ్యి తుడవబోయాడు. మరక ఇంకా పెద్దదైంది. వెనక ఎవరో నవ్వారు.

"సాహెబ్, ఏక్ దిన్. ఒక్క రోజు ఇయ్యండి సాహెబ్" అంటూ బావ తరువాతి బండి దాకా, ఆ తరువాతి బండి దాకా వెంట నడిచాడు. గనిలో పన్నెండేళ్లు బొగ్గు మోసిన మనిషి అలా చేతులు జోడించి నడవడం నేను అంతకు ముందు చూడలేదు.

తిరిగొచ్చి తలుపు ముందు కూలబడ్డాడు. వేలాడుతున్న గుడ్డను రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఈ గుడ్డ ఎవలు పెట్టుమన్నరురా?"

"మాస్టరే" అన్నాను.

అంతే. ఆలోచించి అన్నది కాదు. కానీ వెనక్కి తీసుకోవడానికి అప్పటికప్పుడే చాలా సమయం ఉంది. యార్డు నుంచి లాల్‌పేట్ దాకా జీపులో పక్కనే కూర్చున్నాను.

దుకాణం ముందు నలుగురు గిరాకీలు ఉన్నారు. బావ బోర్డు తెచ్చి మాస్టర్ కాళ్ల దగ్గర పడేశాడు. "కండ్లు కనబడకుంటె ఇంట్ల పండుకో! మా బతుకు మీద నేర్సుకుంటవా?" అని అరిచాడు. మాస్టర్ వంగి బోర్డు తీసుకున్నాడు. మడతను వేళ్లతో తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పరదా గుడ్డ పెట్టుమని నేనా చెప్పిన?" అని అడిగాడు. బావను కాదు, నన్ను. ఆ నల్లద్దాల వెనక ఆయన ఎటు చూస్తున్నాడో తెలియలేదు. నేను నేల మీది పిన్నులను చూస్తూ ఉండిపోయాను.

బోర్డును ఒళ్లో పెట్టుకుని, "ముసలోన్ని. నోరు జారిందేమో" అన్నాడు. "తప్పయింది బాబూ. కొత్తయి చేసిస్త."

బావ వద్దని వెళ్లిపోయాడు.

ఆ మాట వాడంతా పాకింది. గిరాకీలు తగ్గారు. కన్ను బాగైంది కానీ మాస్టర్ మళ్లీ మిషన్ ముందు సరిగా కూర్చోలేదు. బట్ట కోసే ముందు కొలత నన్ను మూడుసార్లు చదవమనేవాడు. చదివాక "ఖాయమేనా?" అనేవాడు. ఏడాది తిరగకముందే దుకాణం ఎత్తేసి బామ్నిలో కూతురింటికి వెళ్లిపోయాడు. ఆ వాడలోనే నేను సొంత దుకాణం పెట్టాను. ఆయన గిరాకీలు నా దగ్గరికి వచ్చారు. కుట్టుకు ఒకరిని పెట్టుకున్నాను. కుట్టు లేని తలుపుల పనికి నా పేరే చెబుతారు. ఆ పద్ధతి ఎవరిదో నేను ఎవరికీ చెప్పలేదు.

బావ ఆ జీపును గోండ్‌పిప్రి రోడ్డు మీద తిప్పాడు. బస్సులు ఉన్న దారి అది, జనం సరిగా ఎక్కేవారు కాదు. రెండేళ్లకు అమ్మేసి కంకర మిల్లులో డ్రైవరుగా చేరాడు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. నా దుకాణం ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం జీపు తలుపుల వైపు చూసేది కాదు.

మొన్న వేసవిలో నేను ఒక బండి తలుపుకు పిన్నులు కొడుతుంటే బావ వచ్చి కూర్చున్నాడు. బల్లార్‌పూర్‌లో మందుల దుకాణం దగ్గర మాస్టర్ కనబడ్డాడని చెప్పాడు.

"నా చెయ్యి పట్టుకున్నడురా. ఇడుస్తలేడు. ‘ఆ గుడ్డ మాట నేను అన్ననో లేదో, ఎన్నేండ్లు యాది చేసుకున్నా దొరుకుతలేదు బాబూ, అని ఉంటె మాఫ్ చెయ్యి’ అన్నడు. ఏడ్సిండు. నాకే సిగ్గయింది."

ఇన్నేళ్లూ ఆయనకు నిజం తెలుసనీ, నన్ను కాపాడటానికే ఊరుకున్నాడనీ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఊహ నాకు హాయిగా ఉండేది. ఆయన మాత్రం తన బుర్రనే నమ్మడం మానేశాడు, అందుకే మిషన్ వదిలేశాడు.

పిన్నుల గన్ను కింద పెట్టాను. బావకు మొత్తం చెప్పాను. చాయ్ దగ్గర ఆగిపోవడం, వద్దన్న మాట, అన్నీ. ఆయన చాలాసేపు నా చేతుల వంక చూశాడు. కొడతాడనుకున్నాను.

"నాకు చెప్పుడు కాదు. లే. బండి తీయ్" అన్నాడు.

బామ్నిలో మాస్టర్ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూతురు, అల్లుడు, పక్కింటివాళ్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. చాయ్ తెస్తామంటే బావ వద్దన్నాడు. ఆనాడు మాస్టర్ మాట పడ్డది నలుగురిలో, కాబట్టి వాళ్లెవరినీ లేవనివ్వలేదు. నేను మంచం ముందు నేల మీద కూర్చున్నాను. దారిపొడవునా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మాస్టర్, పరదా గుడ్డ మీరు పెట్టుమన్లేదు. వద్దన్నరు. నూనె ఊరుతది, సొల్యూషన్ నిలవదు అన్నరు. ఉత్తగనే బిగించుమన్నరు. శనివారం పొద్దుమూకినంక, షెడ్డుల, మనిద్దరమే ఉన్నం. నేనే పెట్టిన. అబద్ధం చెప్పి మీ మీద ఏసిన. మీ యాది ఖరాబ్ కాలే మాస్టర్, మీరు ఒక్క మాట తప్పు చెప్పలే. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."