ఒకేలా ఉన్న రెండు లైన్లు

మా మేడమ్ పోయారని గత వారం ఫోన్ వచ్చింది. చేసింది అప్పట్లో నా పక్క సీట్లో పనిచేసినామె. నిద్రలోనే పోయారట. మూడు రోజులైందట, ఎవరికీ పెద్దగా చెప్పకుండానే అన్నీ కానిచ్చేశారట. ఫోన్ పెట్టేసి మామూలుగానే వంట చేశాను, తిన్నాను. ఏడుపు రాలేదు. ఆమె దగ్గర నేను పనిచేసింది రెండేళ్లే. కానీ నాకు పని వచ్చిందంటే ఆమె వల్ల వచ్చింది. పనంటే భయం వచ్చిందన్నా ఆమె వల్లే. ఆ భయం సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ అప్పుడే లేచింది. చుట్టుపక్కల ఇంకా బండలు పేలుస్తూనే ఉండేవారు. పేల్చిన ప్రతిసారీ మా బల్లల మీద మానిటర్లు సన్నగా వణికేవి. కాస్త దూరంలో, కిరాయికి తీసుకున్న రెండో అంతస్తులో మా ఆఫీసు. కాగితాల మీది జాబితాలను కంప్యూటర్లోకి ఎక్కించి, సరిచేసి ఇవ్వడం మా పని. నేను లింగంపల్లి నుంచి బస్సులో వచ్చేదాన్ని. మేడమ్ మా సెక్షన్‌కి పెద్ద. గుంటూరు వైపు మనిషి, కంప్యూటర్లకు చిల్లులు పొడిచిన పంచ్ కార్డులు పెట్టిన కాలం నుంచీ ఇదే పనిలో ఉన్నారు. ఇరవై మూడేళ్లున్న నన్ను కూడా మీరు అనే పిలిచేవారు.

మౌస్‌తో పనిలేని నల్ల తెర మీద ఆమె మాకు యునిక్స్ నేర్పారు. పేర్ల ఫైలును అక్షరక్రమంలో పేర్చడానికి సార్ట్ అని ఒక కమాండ్ ఉంది. పక్కన మైనస్ ఎం అని చేరిస్తే, ముందే పేర్చిపెట్టిన ఫైళ్లన్నిటినీ వరస చెడకుండా ఒకటిగా కలుపుతుంది. మైనస్ యు అని చేరిస్తే, అచ్చంగా ఒకేలా ఉన్న లైన్లలో ఒక్కటే ఉంచి మిగతావి తీసేస్తుంది. తీసేశానని చెప్పదు కూడా.

కమాండ్ ఏదైనా ముందు కాగితం మీద రాయించేవారు. టైపు చేశాక చేతులు ఒళ్లో పెట్టుకుని పైకి చదవమనేవారు. "ఎంటర్ కొట్టకముందు చదవండి. కొట్టాక చదివి ఏం లాభం?" అనేవారు. పని అయ్యాక ఎప్పుడూ అవే ప్రశ్నలు: వచ్చిన లైన్లెన్ని, మిగిలినవెన్ని, పోయినవి ఎవరివి? టీ తాగేటప్పుడు మేము ఆమె గొంతు పెట్టి ఒకరినొకరు ఇవే అడుగుతూ నవ్వుకునేవాళ్లం. ఆమెకి తెలుసనుకుంటాను. రోజంతా కూర్చునే ఉంటాం కదండీ అని, పెరుగన్నం మాత్రం కిటికీ దగ్గర నిలబడి తినేవారు.

ఒకసారి కంటి ఆపరేషన్ల జాబితా వచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థ బోరబండలో, జీడిమెట్లలో, లింగంపల్లిలో ఉచిత శిబిరాలు పెట్టి, శుక్లాలున్న ముసలివాళ్ల పేర్లు రాసుకుంది. కొందరు తొందరగా పిలుస్తారన్న ఆశతో రెండు చోట్ల రాయించుకున్నారు. మూడు ఫైళ్లూ కలిపి, ఒక మనిషి పేరు ఒక్కసారే ఉండేట్టు చేసి ఇవ్వాలి. ఆ పని నాకు ఇచ్చారు. కలిపాను, మైనస్ యు కొట్టాను, పది నిమిషాల్లో అయిపోయింది. మేడమ్ వచ్చి, తీసేసిన లైన్లు ప్రింటు తీసి చూశారా అని అడిగారు. చూశానని చెప్పాను.

చూడలేదు. అసలు ప్రింటే తీయలేదు.

నెల దాటింది. మా బిల్డింగ్ గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉండేవాడు, మెదక్ జిల్లా నుంచి వచ్చి తల్లితో బోరబండలో ఉండేవాడు. ఒక మధ్యాహ్నం టోపీ చేతిలో పట్టుకుని పైకి వచ్చాడు. ఆ జాబితా తయారైంది ఇక్కడేనని ఎవరో చెప్పారట.

"అక్కా, మా అమ్మ పేరు రాయించింది, వేలిముద్ర వేసింది. ఆపరేషన్‌కి తీస్కపోయే బస్సు కాడికి పోతే లిస్టుల లేదన్నరు. పేరు ఏడ పోయిందక్కా?" అన్నాడు.

అప్పుడు తీశాను ప్రింటు. యెల్లమ్మ, భర్త మల్లయ్య, వయసు అరవై, బోరబండ. ఆ లైను రెండుసార్లు ఉంది, అదీ ఒకే శిబిరం ఫైల్లో. మేడమ్ బీరువా తెరిచి అసలు కాగితాలు తీయించారు. రెండు ఫారాలు. కింద రెండు వేలిముద్రలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. నాలాంటి దానికి కూడా తేడా తెలిసిపోతోంది.

నేను అబద్ధం చెప్పానని అప్పుడు ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. మేనేజర్ గదిలోకి వెళ్లి, "నేను చూడకుండా పంపించానండీ" అని మాత్రం చెప్పి వచ్చారు. నా పేరు ఎత్తలేదు. ఆ తర్వాత నాతో, "మిషనుకి మనుషులు తెలీదు, అక్షరాలే తెలుసు. తెలియాల్సింది మీకు" అన్నారు. అంత మెల్లగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆదివారం ఇద్దరం బోరబండ వెళ్లాం. వాచ్‌మన్ మమ్మల్ని బస్టాపు దగ్గర కలిసి ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. కుడి అరచేతికి గుడ్డ కట్టి ఉంది. బస్సు ఎక్కించుకోకుండా పంపేసిన వారం తర్వాత, మసకలో గిన్నె అనుకుని కాలే పెనం మీద చెయ్యి వేసిందట. ఆపరేషన్ అయిన రెండో యెల్లమ్మ ఆ సందులోనే నాలుగిళ్ల అవతల ఉంటుంది. చెయ్యి కాలినప్పటినుంచీ ఈ తల్లీకొడుకులిద్దరికీ ఆమే వండుతోంది.

మేడమ్ నేల మీద కూర్చుని, తప్పు మా ఆఫీసుదని చెప్పారు. ఎలా జరిగిందో కూడా చెప్పారు: పేరు, భర్త పేరు, వయసు, బస్తీ అన్నీ ఒకటే కావడంతో కంప్యూటర్ ఒకటి కొట్టేసిందని. ముసలామె తల వంచి విన్నది.

"గామెను నన్ను ఒక్కతే అనుకున్నరా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

మేడమ్ "అవునమ్మా" అన్నారు.

మర్నాటి నుంచి పని పద్ధతి మారింది. ప్రతి లైను ముందూ ఫారం నంబరు చేర్చాం. ఇక ఏ రెండు లైన్లూ ఒకేలా ఉండవు. పేర్లు కలిసిన చోట కంప్యూటర్ ఏదీ తీసేయదు, జతలు జతలుగా చూపిస్తుందంతే. కాగితాలు పక్కన పెట్టుకుని మేమే తేల్చాలి. పాత ఫైళ్ల మీద అలా చేస్తే యెల్లమ్మ కాక, అలా పేరు పోయినవాళ్లు మరో ముగ్గురు బయటపడ్డారు. ఆ ఇళ్లకూ మేడమ్ నన్ను తీసుకెళ్లారు. ఇద్దరు దొరికారు. మూడో ఆయన, జీడిమెట్లలో ఏదో ఫ్యాక్టరీ వెనక గదిలో ఉండేవాడు, ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికో పక్కవాళ్లకు తెలియదు. మేడమ్ ఆ పేరు మాత్రం జాబితాలో ఉంచేయమన్నారు.

ఆ పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయనకు చూపు వచ్చిందో లేదో తెలియదు.

ఆ తర్వాత నేను వేరే ఉద్యోగాలు చేశాను, పెద్ద జీతాలు తీసుకున్నాను, నా కింద మనుషులు పనిచేశారు. తీసేసిన లైన్లు చూశారా అని వాళ్లను నేనూ అడిగాను. చూశామని చెబితే, ప్రింటు తెచ్చి ఇమ్మన్నాను. నా అబద్ధం తర్వాతే మేడమ్ కూడా అందరినీ అలా ప్రింటు అడగడం మొదలుపెట్టారు. నాతో మాత్రం ఆమె ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

యెల్లమ్మకి తర్వాతి బ్యాచ్‌లో ఆపరేషన్ అయింది. కొన్ని వారాలకు కొడుకు ఆమెను మా ఆఫీసుకి తీసుకొచ్చాడు. మెట్లు ఎక్కనంది, ఆ మేడమ్‌ని ఒకసారి కిందికి రమ్మనమంది. బోరబండలో కలిసిన రోజున ఆమెకు మా గొంతులే తెలిశాయి, మొహాలు కనబడలేదు. మేడమ్ గబగబా దిగి వెళ్లారు. యెల్లమ్మ నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, ఇంకొంచెం ఇటు రమ్మని చెయ్యి ఊపింది. మేడమ్ గేటు నీడలోంచి ఎండలోకి జరిగి, చీరకొంగు సర్దుకుని, ఆమె చూడటం అయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు.