పాటల్లో కలిసిపోయిన పిన్ని మాటలు

మా బాబాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళని కబుర్లతో నవ్విస్తూ బయటికి లాగే మనిషి, ఆ రోజు మాత్రం ఇంట్లో పాటల పెట్టె ముందు బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. పాటల పెట్టె అంటే హాల్లో అలమరలో ఉండే చిన్న కంప్యూటరు. ఇంట్లో పాటలన్నీ దాంట్లోనే ఉంటాయి, ఏ గదిలో కావాలంటే ఆ గదిలో వినొచ్చు.

అందులో పిన్ని గొంతు కూడా ఉంది. జబ్బు ముదిరి పిన్నికి స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కి ముందే ఆవిడ తనకి రోజూ అవసరమయ్యే మాటలన్నీ ఒక్కొక్కటిగా రికార్డు చేయించుకుంది. వాటిని వరుసగా ఇస్తే, మీట నొక్కగానే ఆవిడ గొంతుతోనే పలికే పరికరం చేసిస్తామన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆ సాయంత్రమే ఇవ్వాలి.

బాబాయి తెలివి చూడండి. కాపీ అయినా దాచుకోకుండా ఆ ఫైళ్ళు తీసుకెళ్ళి పాటల మధ్య పడేశాడు, స్పీకర్లో ఎలా వినిపిస్తాయో చూద్దామని. పేరు లేని ఫైలు కనిపిస్తే ఆ పెట్టె ఊరుకోదు, తనకి తోచిన పేరు తగిలించేస్తుంది. పిన్ని మాటలన్నీ ఎవరెవరో గాయకుల పేర్లతో వేల పాటల్లో కలిసిపోయాయి.

"కొంప మునిగిందే. మీ పిన్నికి మాత్రం చెప్పకు," అని నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి చొక్కా చెమటకి తడిసి ముద్దయి ఉంది.

"ఆపరేషనయ్యాక తన గొంతు తను ఒక్కసారి కూడా వినలేదే. వింటే తట్టుకోలేదు," అన్నాడు గుసగుసగా.

పెట్టెలోకి చేరిన తేదీని బట్టి వెతికితే కొత్తవన్నీ ఒకచోటికి వచ్చాయి. కానీ ఏది ఏ మాటో వింటే గానీ తెలియదు. బాబాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదటిది నొక్కాడు. పెట్టె తన అలవాటు ప్రకారం వంటింటి స్పీకరుని ఎంచుకుంది.

"ఫ్యాను కాస్త తగ్గించండి," అంది పిన్ని గొంతు, పిన్ని ఉన్న గదిలోనే.

గరిట కిందపడిన చప్పుడైంది. పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాబాయి ఇయర్‌ఫోన్లు పీకేసి లేచాడు. పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకోటి నొక్కమని సైగ చేసింది.

స్పీకరు హాల్లోకి మార్చి ఒక్కొక్కటే విన్నాం. మాత్రలేసుకున్నాను. తలుపు వేసుకోండి. నాకొద్దు. పిన్ని వేళ్ళతో వరుస చూపిస్తుంటే నేను పేర్లు మార్చాను. అన్నీ దొరికాయి, ప్రాణం లేచొచ్చింది. ఇంతలో పిన్ని నెత్తి కొట్టుకుని ఫోన్‌లో టైపు చేసి బాబాయికి చూపించింది. "మిమ్మల్ని పిలిచే మాట చెప్పడం మర్చిపోయాను."

పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ ఆయన్ని పేరుతో పిలిచి ఎరగదు. ఆ పిలుపూ ఒక మాటేనని, దాన్ని విడిగా దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? ఇప్పుడు చెప్పిద్దామన్నా గొంతేదీ?

"పర్లేదులే, చప్పట్లు కొట్టి పిలుస్తున్నావుగా," అని బాబాయి మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి తప్పుకున్నాడు. ఆయన ఏడుపు ఆపుకోవడం నేను చూశాను.

చివర ఒక ఫైలు మిగిలింది. రికార్డింగు ఆపడం మర్చిపోయారేమో, ఎంతసేపు విన్నా గిన్నెల చప్పుడే. తీసేయబోతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకాసేపటికి, ఎక్కడో దూరం నుంచి గట్టిగా,

"ఏమండీ!"

"ఆఁ, వస్తున్నా వస్తున్నా!" అంటూ బాబాయి గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు. మా ఎదురుగా వచ్చి నిలబడ్డాక గానీ ఆయనకి గుర్తు రాలేదు, పిన్నికి గొంతు లేదని.