ముందు నువ్వొక గుక్క తాగు

మా ఇంట్లో అనుమానం అమ్మ ఇచ్చిన ఆస్తి. పాలల్లో నీళ్ళున్నాయని చెంబులోకి చూడకముందే చెప్పేది, చూస్తే ఉండేవి. అన్న సైకిల్ పందెం గెలిచి మెడలో దండతో ఇంటికొచ్చిన రోజు, వీధంతా చప్పట్లు కొడుతుంటే అమ్మ వాడి కళ్ళలోకి చూసింది. పెట్టిన సంగటి వాడు ముట్టలేదు.

"ఇంత దూరం తొక్కినోడికి ఆకలెందుకు కాలేదే?" అంది నాతో.

డెబ్బైల చివర్లో ప్రతి పంద్రాగస్టుకూ చిత్తూరు నుంచి పలమనేరుకు ఆ పందెం జరిగేది. బాడుగ సైకిళ్ళ షాపులవాళ్ళు తలా ఒకణ్ణి దించేవాళ్ళు. ఎవరి మనిషి గెలిస్తే ఏడాదంతా ఆ షాపుకే గిరాకీ. మొగిలి ఘాటు మొదలయ్యే చోట యజమాని తన మనిషికి స్వయంగా కలర్ సోడా అందించడం ఆనవాయితీ. అందులో ఏముందని అడిగితే షాపును అవమానించినట్టే. లారీ డ్రైవర్లు నిద్ర ఆపుకోవడానికి మింగే మాత్రలు అందులో నూరి కలుపుతారని ఊరంతా గుసగుసలాడేది. గట్టిగా అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం!

అంతకు ముందటేడు వేరే షాపు మనిషి ఒకడు పందెం ముగిశాక కుప్పకూలి మళ్ళీ లేవలేదు. గుండె జబ్బన్నారు. అమ్మ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. దండతో వచ్చిన ఆ రాత్రి అన్న నిద్ర లేకుండా పళ్ళు కొరుకుతూ పెరట్లో తిరుగుతుంటే, నేను గడపలో కూర్చుని తెల్లారేదాకా వాణ్ణి కాపలా కాశాను.

మరుసటేడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఘాటు కిందికి వచ్చింది. అన్న సైకిల్ ఆపాడు. షాపు యజమాని సీసా చాచాడు. అమ్మ మధ్యలో నిలబడింది.

"ముందు నువ్వొక గుక్క తాగి ఇయ్యప్పా."

ఆయన ముఖం మాడిపోయింది. "నాకెందుకక్కా? నేనేమన్నా తొక్కాలా?"

"సోడానే కదా. ఎండగా ఉండాది, తాగు."

ఆయన తాగలేదు. అన్న ఒకసారి అమ్మను చూశాడు, ఒకసారి ముందు ఘాటెక్కుతున్న వాళ్ళను చూశాడు. సీసా లాక్కుని గటగటా తాగేసి వెళ్ళిపోయాడు. ఆ ఏడూ వాడే గెలిచాడు.

ఇంట్లో అమ్మ ఏడుస్తూ కూర్చుంటే వాడు కసురుకున్నాడు. "అందులో ఏముండాదో నాకు మొదట్నుంచీ తెలుసుమా. అందరూ తాగుతారు. నేనొక్కడే పతివ్రతనా?"

అన్నాళ్ళూ మేము యజమానినే అనుమానించాం. ఇంట్లో ఉన్నవాణ్ణి మాత్రం అనుమానించలేదు.

అమ్మ కళ్ళు తుడుచుకుని, "ఒక్కడు మానుకుంటే ఆ ఒక్కడే ఓడిపోతాడు. అందరూ ఒక్కతూరే మానాల," అంది. ఏడాది పొడుగునా తీరినప్పుడల్లా పందెగాళ్ళ ఇళ్ళు తిరిగింది. ప్రతి తల్లిదీ ఒకటే మాట: "ముందు మీవాణ్ణి ఆపుకో. మావాడు మానేసినాక మీవాడు దొంగతనంగా తాగితే?" మసీదు వీధిలో ఒకామె తలుపు కూడా సగమే తీసింది. అమ్మకు కోపం రాలేదు. వాళ్ళదీ తనలాంటి అనుమానపు జాతేనని సంతోషపడింది.

"అనుమానముంటే మంచిదే. సోడా బదులు మజ్జిగ పెడదాం, నా కొడుక్కి నువ్వు పొయ్యి, నీ కొడుక్కి నేను పోస్తా."

ఆ ఏడు పంద్రాగస్టుకు ఘాటు కింద తల్లులంతా ఒకే మజ్జిగ కుండ చుట్టూ నిలబడ్డారు. ఒకరి కొడుక్కి ఇంకొకరు పోశారు, సీసా ఎక్కడ కనబడుతుందో అని ఒకరి చేతులు ఇంకొకరు గమనిస్తూ. యజమానులు సీసాలు చాచినప్పుడల్లా, "ముందు మీరు తాగండి," అన్నారు అందరూ కలిసి. ఒక్కరూ తాగలేదు. సీసాలు సంచుల్లోకి వెళ్ళిపోయాయి.

పందెం నత్తనడక నడిచింది. "ఇదేం పందెమబ్బా, ఎద్దులబండ్లే నయం!" అని జనం ఎగతాళి చేశారు. అన్న మూడోవాడిగా వచ్చాడు. ఇంటికొచ్చి మాతో మాట్లాడకుండానే రాగిసంగటి ముద్దలు లాగించి, చాపమీద పడి గురక పెట్టాడు. ఆ గురక విని నేను ఆనందంతో ఏడ్చేశాను.

అమ్మ వంగి వాడి నోరు వాసన చూసింది. మజ్జిగ వాసనే. తర్వాత లేచి, వాడు పందేనికి తీసుకెళ్ళిన సంచీ వెతికింది.