కార్డులో అవ్వ పేరు

జరిగినవి ముందు వరుసగా రాస్తాను...

1. మా చిన్నప్పుడు, బోధన్‌లో, ఒక వానాకాలం మా అవ్వ రాజవ్వకు టైఫాయిడ్ వచ్చింది. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం.

2. అవ్వ బీడీలు చుట్టేది. ఆ పనికి ఒక కార్డు ఉండేది. అది చూపిస్తే బీడీ కార్మికుల దవాఖానలో డాక్టరు చూసేవాడు, మందులు ఊరికే ఇచ్చేవారు.

3. వరుసగా రెండు వారాలు బీడీలు ఇవ్వకపోతే కార్డులోంచి పేరు కొట్టేస్తారని వాడలో అందరి భయం. అవ్వ మంచంలో లేవలేని స్థితిలో ఉంది... మందులేమో ఆ కార్డు మీదే రావాలి.

4. నాలుగో రోజు పక్కింటి సాయవ్వ తన చేట పట్టుకొని వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

ఇక అంకెలు చాలు...

ఆమె వెనుకే మరో నలుగురు వచ్చారు. ఎవరి చేట వారిది, ఎవరి ఆకు వారిది. తడి తునికాకు వాసన, తంబాకు ఘాటు ఇల్లంతా నిండాయి. తమ పని చేసుకుంటూనే మనిషికొక కట్ట చొప్పున అవ్వ పేరున చుట్టాలని వాళ్ళు అనుకున్నారు. కట్ట అంటే ఇరవై ఐదు బీడీలు.

అయితే ఒక చిక్కుంది. మా అవ్వది ఎడమచేతి వాటం. బీడీ మీద దారం అందరిదీ ఒకవైపు తిరిగితే, ఆమెది మరొకవైపు తిరిగేది. బీడీలు తీసుకునే టేకేదారు, చుట్టిన తీరు చూసి అది ఎవరి చెయ్యో చెప్పేస్తాడని పేరు.

అందుకని ఆ అయిదుగురూ ఎడమచేత్తో చుట్టడం మొదలుపెట్టారు...

"గిదేం బీడీ సాయక్కా, గాడిద చెవి లెక్కున్నది," అంది ఒకామె.

"ముందుగాల నీది సూస్కో. నాది గాడిదదని అన్న గుర్తువడుతున్నది," అంది సాయవ్వ.

లోపల మంచం మీద అవ్వ నవ్వింది. జ్వరం మొదలయ్యాక ఆమె నవ్వడం అదే మొదలు.

మర్నాడు సాయవ్వ వెంట నేనూ బీడీల కార్ఖానాకు వెళ్ళాను. టేకేదారు ఒక కట్ట విప్పాడు. ఒక బీడీ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఇంకొకటి చూశాడు.

"రాజవ్వకు జరమొచ్చిందని విన్న," అన్నాడు. "చేతులు గూడ అయిదు జతలైనయా?"

నేను సాయవ్వ కొంగు పట్టుకున్నాను.

"జరంల చెయ్యి వణుకుతది గద సేటూ," అంది ఆమె తొణకకుండా. "ఒక్కో బీడీకి ఒక్కో తీరుగ వణికింది."

ఆయన నవ్వలేదు. సగం బీడీలు పక్కకు తీసిపారేశాడు. ఆ తర్వాత కార్డు దగ్గరికి లాక్కొని మిగతావి అవ్వ పేరున రాశాడు.

"రేపటికెల్లి కుడిచేత్తోనే చుట్టుండ్రి. తంబాకన్న ఖరాబు గాకుంటుంటది," అన్నాడు.

అవ్వ లేచి కూర్చునేదాకా ఆమె పేరు కార్డులో ఉంది... మందులు వచ్చాయి.

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా ఎందుకు గుర్తుకొచ్చిందో చెబుతాను.

నేనిప్పుడు నిజామాబాద్‌లో మోటార్ వైండింగ్ దుకాణం నడుపుతున్నాను. చదివి కాదు, చూసి నేర్చుకున్న పని. మా వరుసలోని చిన్న దుకాణదారులందరికీ కలిపి ఒక ఆరోగ్య బీమా ఉంది. ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరించేది. ఈ ఏడాది ఆ వాటా ఆగిపోయింది. పైగా ప్రీమియమే పెరిగింది.

ఆ సందేశం ఫోన్లలోకి వచ్చిన రోజు చాయ్ బండి దగ్గర పెద్దగా అరుపులేమీ లేవు. పక్క దుకాణం అన్న ఒకాయన మాత్రం అన్నాడు:

"సబ్సిడీ బందు వెట్టిండ్రు, సరే. రోగాలు గూడ బందు వెడితే అయిపోవు గద."

అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఆయనే నా వైపు వంగి మెల్లగా చెప్పాడు. "నేనైతే మీ వదిన పేరు తీసేసిన తమ్మీ. ఆమెకు చెప్పలే."

తర్వాత ఒక్కొక్కరూ చెబుతుంటే అర్థమైంది... ఎవరూ బీమా పూర్తిగా మానుకోవడం లేదు. ఇంటికొక పేరు తీస్తున్నారు.

మా ఇంట్లో అయిదు పేర్లు. అందరికంటే అవ్వ పేరుకే ఎక్కువ పడుతుంది. వయసు ఒకటి, షుగరు ఒకటి. ఒకసారి ఆమె పేరు పోతే, మళ్ళీ చేర్చినా పాత జబ్బుకు కొన్నేళ్ళదాకా బీమా వర్తించదు. గడువు ఈరోజుతో ఆఖరు.

పొద్దున అన్నం దగ్గర అవ్వే ఎత్తింది.

"నా పేరు తీసెయ్యి కొడుకా. గీ వయసుల నాకు బీమా ఏంది? పొల్లగాండ్లయి ఉంచు."

"ఎవ్వలది తియ్యనవ్వా. నువ్వు తిను."

"నీ మొఖం సూస్తె నాకెరుక అయితలేదా?"

నేను చెయ్యి కడుక్కొని లేచాను. దుకాణానికి వెళ్ళి కాగితం తీసి పేర్లు రాసుకున్నాను. అవ్వ పేరు మొదట రాశాను. ఉన్న డబ్బు నాలుగు పేర్లకే సరిపోయింది. తీసింది నాది.

మధ్యాహ్నం టిఫిన్ తెచ్చిన నా భార్య ఆ కాగితం చూసింది. "అయిదో పేరేది?"

"వచ్చే ఏడు చేర్పిస్తా."

ఆమె డబ్బా మూతలు ఒక్కొక్కటిగా తీసి పెట్టింది. "అయితే రేపే పోయి బీపీ, షుగరు సూపిచ్చుకో," అంది చివరికి. "నేను గూడ వస్త. నువ్వొక్కనివే అయితే పోయిన అని అబద్ధం జెప్తవు."

పేర్లన్నీ ఉన్నాయని అవ్వకు చెప్పాను. ఆమెకు ఫోను చూడటం రాదు... ఇది చదివినవారెవరూ దయచేసి ఆమెతో అనవద్దు.

ఒకప్పుడు ఒక ఇంటి ఇబ్బంది వాడకంతా తెలిసేది. ఇప్పుడు ఎవరి ఫోను వారు పట్టుకొని, పక్కనున్న మనిషికి కూడా తెలియకుండా ఒక పేరు తీసేస్తున్నాం...

మీ ఇంట్లో ఈసారి ఎవరి పేరు తీశారు? ఆ మనిషికి చెప్పారా?

సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలు.
సిరిమల్లె గంగాధర్