ఒళ్లో రివాల్వర్ పెట్టె

నిరుడు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఎస్-బాన్ లోకల్ రైల్లో వస్తుంటే, ఎదుటి సీటులో ముప్పై అయిదేళ్ల తెలుగాయన కూర్చున్నాడు. ఒళ్లో తాళం వేసిన చిన్న పెట్టె. నేను ఫోన్లో మాట్లాడటం విని పలకరించాడు.

“రివాల్వర్ అంకుల్, సెకండ్ హ్యాండ్. లైసెన్స్ ఉంది, భయపడకుండ్రి. షూటింగ్ క్లబ్బుల ప్రాక్టీస్‌కు తీసుకున్న. ఎష్‌బోర్న్ స్టేషన్ల మా ఆవిడ, పాప నాకోసం ఎదురుచూస్తుంటరు.”

ఎంత పరీక్షించి కొన్నాడో చెప్పాడు. గొట్టంలోకి లైటు వేసి చూశాడట. గుళ్లు పెట్టే చక్రం కాస్త కూడా వదులు లేదట. చెక్కపిడి మాత్రం తన చేతికి లావట, అరగదీయించాలట. అంతా వీడియోలు చూసి నేర్చుకున్నాడు.

నేను పెద్దగా చదువుకోలేదు. ఈ దేశంలో నలభై ఏళ్లు పాత మిషన్లు కొని, బాగుచేసి బతికాను. మొదట అడగాల్సింది వదిలేసి తక్కినవన్నీ చూసేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

“ఇంతకీ ఎందుకు అమ్మారు బాబూ?”

“దీని ఓనరు చనిపోయిండు అంకుల్. భార్య అమ్మింది.”

“ఎలా పోయాడు?”

“అడగలే.” గొంతు తగ్గించాడు. “ఆమె బీరువ తెరిచి దూరం జరిగింది. దాన్ని ముట్టలే. నన్నే తీసుకొమ్మన్నది.”

పెట్టెను ఒళ్లోంచి తీసి కింద పెట్టి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఎష్‌బోర్న్ వచ్చింది. ప్లాట్‌ఫారం మీద పాపను ఎత్తుకున్న ఒకామె మా కిటికీ వైపు చెయ్యి ఊపింది. అతను వాళ్లను చూశాడు, కిందున్న పెట్టెను చూశాడు, లేవలేదు. తలుపులు మూసుకున్నాయి. పెట్టె మా ఇద్దరి కాళ్ల మధ్యే ఉంది.